అరసున్న

మూడోసారి వచ్చాడు మస్తానయ్య.
పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరే పని.
పులుపు తిని తిని వేలి కొస చెప్పు అట్ట అయింది,
సూది ఒక్క పోటుకు దిగదు.
"ఇంకోసారి చూడు మా, మిషను తప్పు చెప్పుంటది."
మిషనేం లేదు ఇక్కడ.
తెల్ల పింగాణీ పలక, మూడు చుక్కల రక్తం,
ఒకదాంట్లో నీలం మందు, ఒకదాంట్లో పసుపు,
మూడోది రంగు లేనిది, దాంతో ఇప్పుడు పని లేదు.
కలపడానికి నా చేతిలో ఒక పుల్ల.

నీలంలో విరగలేదు. పసుపులో విరగలేదు.
రెండూ మంచి పాలలా నున్నగా.
ఓ. మళ్లీ ఓ.

సులోచనది పోయినేడు ఆపరేషనప్పుడు నేనే చూశా.
ఏబీ. రెండు చుక్కలూ విరిగి గింజలు కట్టాయి.
బడి కార్డు కోసం పిల్లది కూడా నేనే, సుప్రజ, ఆరో తరగతి.
బీ.
తల్లిదీ కాదు, తండ్రిదీ కాదు.
కాటా దగ్గర ఎవడో ఒక మాటన్నాడంట.
ఏం మాటో అతను చెప్పలేదు, నేనడగలేదు.
సులోచన లోపలికి రాలేదు.
బయట మెట్టు మీద కూర్చుని
ఢిల్లీ లారీకెక్కే బస్తాల్ని లెక్కపెడతా ఉంది,
ఆ లెక్క ఆమెనెవరూ అడగకపోయినా.

"చూడు, ప్రతి మనిషికీ రెండుంటాయి.
అమ్మిచ్చిందొకటి, నాయనిచ్చిందొకటి.
బిడ్డకిచ్చేటప్పుడు రెండూ ఇవ్వరు, ఒకటే.
ఆమె దగ్గర ఏ ఉంది, బీ ఉంది. బీ ఇచ్చింది.
నీ దగ్గర రెండూ ఓలే. ఓ ఇచ్చావు.
మీ ఇద్దరి బిడ్డ అయితే ఏ, లేకుంటే బీ.
నీలా గాని ఆమెలా గాని ఉంటేనే
నేను ఇంకోసారి చూడాల్సొచ్చేది."

దూది వేలికి నొక్కుకుని చాలాసేపు కూర్చున్నాడు.
"అంటే నేనిచ్చింది సున్నా."

అనుమానం లేచిపోయిన పీట మీద
ఇదొచ్చి కూర్చుంటుందని నేననుకోలేదు.

గూడూరు బళ్లో మా తెలుగయ్యవారు
బోర్డు మీద రెండు మాటలు రాసేవాడు:
ఏడు. ఏఁడు.
ఒకటి అంకె, ఒకటి పన్నెండు నెలలు.
చదవండ్రా అంటే రెండూ ఒకేలా పలికేవాళ్లం.
పలకనప్పుడు ఆ సగం గీసిన సున్న ఎందుకయ్యా అంటే
"అక్కడొకప్పుడు ముక్కుతో పలికే శబ్దముండేది.
అది పోయింది. చోటు పోలేదు" అనేవాడు.
పరీక్షలో ఎవ్వరం పెట్టలేదు. మార్కులూ తగ్గలేదు.

బీ అని పలికే నీ కూతురి రక్తంలో
పలకని నీ అక్షరముంది మస్తానయ్యా,
నా పసుపు మందుకు దొరకనిది.
ఎప్పుడో ఆ పిల్ల కడుపున
అట్లాంటిదే ఇంకోటి దానికి జత కలిస్తే
ఒక ఓ పుట్టి పైకి చెప్పొచ్చు.
చెప్పకపోనూ వచ్చు.

ఇదంతా నేననలేదు.
"సున్నా కాదులే" అన్నానంతే.

గుమ్మం దాకా పోయి తిరిగాడు.
"మరి మా అమ్మదో?"
ఆమె రక్తం ఎవరూ చూసింది లేదు.
నాట్లకు పోయిన చోట పాము కరిచింది,
అప్పుడితనికి నాలుగేళ్లు.
ఫోటో లేదు. ముక్కు ఎట్లుండేదో చెప్పేవాళ్లూ లేరు.
"గ్రూపు చెప్పలేను గానీ
నీ రెండు ఓలల్లో ఒకటి ఆమె ఇచ్చిందే.
అదొక్కటీ ఖాయం."
"అది రాసియ్యి మా."

చూడని రక్తానికి రిపోర్టు రాయకూడదు.
అరవై రూపాయల రసీదు వెనక్కి తిప్పి
చెంగమ్మ అని రాసి
పక్కన, చిన్నగా, ఆ సగం సున్న పెట్టాను.
ఏందని అడగలేదు. మడిచి పై జేబులో పెట్టుకున్నాడు.

బయట సులోచన లేచి చీర దులుపుకుంది.
"ఎన్ని బస్తాలు?" అన్నాడు.
"నూట పద్నాలుగు."