కేస్లి బట్టీ

దేవరకొండ ఎక్సైజు స్టేషన్‌ల
పదకొండేండ్లు చేసిన.
ఎన్ని కుండలు పగలగొట్టిన్నో
పంచనామాలల్ల ఉంటది, నాకు యాదికి లేదు.
కట్టె కొన తగిలినప్పుడు
కుండ అన్న మాట మాత్రం యాదికుంది.
బెల్లప్పానకం బూట్లల్లకు కారేది.
ఇంటికి పోతే నా బిడ్డ
ముక్కు మూసుకొని దూరం జరిగేది.

బదిలీ మీద మళ్ల వచ్చిన.
ఇయ్యాల అదే తండ, అదే గుట్ట దారి.
చేతిల కట్టె లేదు.
బలం చూసే గాజు గొట్టం,
సీలు లక్క,
ఒక రిజిస్టరు.

రేకుల షెడ్డు.
బయట తీపి జొన్న కర్రల మోపులు,
చెరుకనుకొని నములుతున్న పోరగాండ్లు.
లోపల రాగి గొట్టం చెమటలు పడుతుంది.
కేస్లి లేచి నిలబడలే.
ముందట కూడా నిలబడేది కాదు,
ఉరికేది.

ఆమెకు థర్మామీటరిచ్చిన్రు.
మేకుకు తగిలేసింది, పుస్తె లెక్క మెరుస్తది.
అరచేయి గొట్టం మీద పెట్టి
"రెండు కట్టెలు గుంజు" అన్నది కోడలితోని.
నేను తర్వాత చూసిన.
డెబ్బై ఎనిమిది.

మొదటి గిలాసెడు విడిగ పట్టింది.
షెడ్డెనుక గుంతల పోసి
మన్ను కప్పి కాలుతోని తొక్కింది.
"కండ్లు తినే నీళ్లు సారూ ఇవి."
ఆమె పెద్దకొడుకు లచ్చిరాం.
ఆ పంచనామా కూడా నేనే రాసిన.
ఇద్దరం ఆ పేరు ఎత్తలే.

అటెన్క పడ్డదంతా క్యానులకు.
తాగకుండ చేదు మందు, నీలం రంగు.
రాత్రి కరెంటు పోతే బోరింజను నడిపేది ఇదే,
అంగన్వాడి పొయ్యి ఇదే,
ముప్పై ఒక్క ఇండ్లల్ల బువ్వ ఉడికేది ఇదే.
"అప్పుడు మొగోళ్లు కాలిన్రు," అన్నది,
"ఇప్పుడు దీపం కాలుతది."
అని, తన మాట తనకే నచ్చనట్టు
క్యాను మూత గట్టిగ బిగించింది.

కొత్త రిజిస్టర్లు రాలే.
పాతదాంట్లనే రాయమన్నరు.
మొదటి గడిల అచ్చు: నిందితురాలి పేరు.
ఆ మాట కొట్టేసిన.
పైన ఏం రాయాల్నో తోచలే.
ఖాళీగనే జరిపిన.
వేలిముద్ర కోసం సిరా డబ్బ తీస్తుంటె
ఆమె నా జేబుల పెన్ను గుంజుకొని
నాలుగక్షరాలు, వంకరటింకర,
గడి దాటి రాసింది.

చాయ్ పెట్టింది.
మంట కనపడలే, ఆరిందేమో అని వంగిన.
ఎడమ కనుబొమ్మ సుర్రుమన్నది.
కేస్లి నవ్వింది,
పొగాకు పండ్లు మొత్తం కనపడేటట్టు.
"కనపడదు సారూ," అన్నది,
"ఉంటది."