ముడి దగ్గర పూస

దుకాణం తెరిచి త్రాసు ఇంకా తుడవలేదు.
ఎర్మెలిందా వచ్చింది.
ఆమె కంటే ఒక అడుగు ముందే
చేపల వాసన వచ్చింది.

"పెళ్లికి నగ చూపించు" అంది.
మనవరాలికా? అన్నాను.
"నాకే"
అంది, తడి గొడుగు మూలన ఆనించి,
బయట వాన అన్నంత మామూలుగా.

లిమా నది సముద్రంలో పడే చోట మా ఊరు, వియానా.
ఇక్కడి ఆడవాళ్లు బ్యాంకుల్ని నమ్మకముందు
తమ మెడల్ని నమ్ముకున్నారు.
గుడ్లమ్మిన డబ్బుతో ఒక పూస,
దూడనమ్మితే ఇంకొకటి.
బోలు పూసలే. పైన రేకంత బంగారం, లోపలంతా గాలి.
ఆ గాలి కూడా మాదే అంటారు.

పళ్లెం పరిచాను.
తీగపని హృదయాలు:
సాలీడు జ్వరంలో కలవరించినట్టు
చుట్టల్లో చుట్టలు, చుట్టల్లో చుట్టలు.
చిటికెనవేలితో ఒకదాన్ని తిప్పి చూసింది.
"ఇందులో పొలుసు ఇరుక్కుంటే ఎవరు తీస్తారు?"
పడవల్లాంటి పోగులు తీశాను.
"నా తమ్మెలు ఇప్పటికే సాగాయి.
ఇవి పెడితే నాకంటే ముందు
నా భుజాల్ని పెళ్లాడతాయి."

ఉంగరం కణుపు దగ్గరే ఆగిపోయింది.
నలభై ఏళ్లు మంచుగడ్డల్లో ముంచి తీసిన చేయి అది.
సబ్బు తెచ్చాను. నూనె తెచ్చాను.
"వద్దులే అమ్మాయ్" అని
రవికలోంచి రుమాలు తీసి విప్పింది.

తెగిన దారం. ఇరవై తొమ్మిది పూసలు.

ఇది కవళ్లు విరగబడ్డ ఏడాదిది.
ఇది రూయి పుట్టినప్పటిది.
ఇక్కడ రెండు లేవు, వాడి కాలు విరిగినప్పుడు
మీ తాతకే అమ్మాను.
తూకంలో కొట్టేశాడు.

నేను త్రాసు వైపు చూడలేదు.

ఇదిగో, ఈ నొక్కుపడ్డది, మా ఆయన కొన్నాడు.
తాగొచ్చిన రాత్రికి మర్నాడు.
"తీసెయ్" అంది.
తీసి పక్కన పెట్టాను. దొర్లింది.
పళ్లెం అంచు తగిలి ఆగింది.
వాన కాసేపు మా ఇద్దరి బదులూ మాట్లాడింది.
"వద్దు. గుచ్చు.
కానీ వెనక్కి, ముడి దగ్గర, జుట్టు కింద.
ఎవరికీ కనపడకూడదు.
నాకు తగలాలి."

ఎర్రపట్టు దారం తీశాను, అదే ఆచారం.
ఆమె జేబులోంచి ఆకుపచ్చ నైలాను పోగు తీసింది.
అదెలీనో పేనాడట. వలలు బాగుచేసే మనిషి.
ఎదురుగా రొట్టెల కొట్టు చూరు కింద నిలబడ్డాడు,
ఇటు చూడకూడదని
రొట్టెలకేసే చూస్తూ.
"పట్టు తెగుతుంది. దీన్ని
ట్యూనా చేప లాగినా తెగదు."

గుచ్చాను.
బంగారానికి తావి అబ్బడమంటే విన్నాను గానీ
ఆ తావి ఉప్పుచేపల తావి అయి ఉంటుందని
ఎవరూ చెప్పలేదు నాకు.

ఒక్క కొత్త పూస కొంది. ముప్ఫయ్యోది.
చెవి దగ్గర ఆడించి ఆడించి
ఏం విందో, ఆరోదాన్ని ఎంచుకుంది.
డబ్బు తీసుకోనన్నాను, తాతయ్య లెక్క అలాగైనా సరిపోతుందని.
"చచ్చినవాడి బాకీ చచ్చినవాడిది.
నువ్వు సరిగ్గా తూచు చాలు."
తూచాను. రెండుసార్లు తూయించింది.

వాళ్లు వెళ్లారు, ఒకే గొడుగు,
అతని ఎడమ భుజం పూర్తిగా తడుస్తూ.

పళ్లెం మఖమలు మీద ఒక పొలుసు మిగిలింది.
పిల్లి నవ్వినా నవ్వనీ అని
త్రాసులో వేసి చూశాను.
ముల్లు కదల్లేదు.
పారెయ్యలేదు కూడా.