మూసిన తరవాతే

స్కాలవీక్‌లో గాలికి దిక్కుండదు, పంతముంటుంది.
ఆ రాత్రి అది కరెంటు తీగ తెంపే వేళకి
ఊరి ఈ-బుక్కుల డేటాబేసుకి నకలు తీస్తున్నాను,
ప్రోగ్రామ్ మూయకుండానే.
పొంగుతున్న పాలను కొలిచేవాడు ఉంటాడా?
ఉన్నాడు. వలలు బాగుచేసే హేనీ. నేనే.

పొద్దున చూస్తే పుస్తకాలు క్షేమం.
నాలుగు వేల పైచిలుకు, ఫోల్డర్లలో
గొర్రెల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకున్నాయి.
చెవికోత గుర్తులే చెరిగిపోయాయి.
ఏది ఎవరు చదివారో చెప్పే చిట్టా
సగంలో ఆగిన మాటలా నోరు తెరిచింది.

యంత్రం మళ్ళీ కట్టి ఇచ్చింది: పేరు, రచయిత, ఏడాది.
మరి, చర్చి గంట మోగించే సిగ్వాల్డ్ రాసిన
"జ్వరంలో చదవొద్దు"?
"తొంభయ్యో పేజీ దాకా ఓపిక పట్టు"?
"మా ఆవిడకి చెప్పకండి, ఏడ్చాను"?
అవి యంత్రానికి తెలీవు.

ఎల్స్‌పాకి ఫోన్ చేసి నీళ్ళు నమిలాను.
ఫెర్రీ ఇంజన్ గదిలో, స్పానర్ల కింద, ఉన్ని మేజోడులో
ప్రతి గురువారం ఆమె దాచే డ్రైవ్.
"మూసే తీశావా?"
"మూయకుండా తీయడానికి, నేను నువ్వా?"

నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చింది.
ఆత్రంగా పాతదాని మీద అతికించబోతే
వేళ్ళ మీద ఒక్కటి వేసింది.
"ముందు ఈ చచ్చినదాన్ని పక్కన దాచు.
చచ్చిందని రాసిచ్చేందుకు నువ్వు డాక్టరువి కావు."
ఖాళీ ఫోల్డర్‌లో తన ప్రతిని విప్పింది.
లోపల అతుకులన్నీ సరిచూడమంది.
'సరే' అన్న ఒక్క మాట తెర మీదికొచ్చేదాకా
కాఫీ ముట్టలేదు.
తరవాత లెక్కపెట్టింది, వేళ్ళు మడిచి కాదు, పెదవులు కదిపి.
"తెరిచి చూడని నకలు నకలు కాదు హేనీ,
మొక్కు."

సిగ్వాల్డ్ జ్వరం తిరిగొచ్చింది. ఏడుపూ వచ్చింది.
గురువారం తరవాతి ఆరు రోజులు మాత్రం రాలేదు.
ఆ ఆరు రోజుల్లో ఉన్నది ఒక్కటే:
తొమ్మిదేళ్ళ బార్దుర్ మొదటిసారి ఇచ్చిన
ఐదు నక్షత్రాలు.

పిలిచి, మళ్ళీ ఇవ్వమన్నాను.
కుర్చీలో కాళ్ళూపుతూ చాలాసేపు ఆలోచించాడు.
"ఇప్పుడు మూడే."

మూడే రాసుకున్నాను.
ప్రోగ్రామ్ మూశాను.
మూసిందో లేదో మళ్ళీ చూసి,
అప్పుడు తీశాను నకలు.