ఎర్ర ఏ

మార్కులు వచ్చినయని ఫోన్ల మెసేజి పడ్డప్పుడు
నా చేతులు ఎనుమాముల యార్డుల
మోచేతుల దాక మిర్చిల ఉన్నయి.

అద్దం మీద వేలు పెడితే ఫోను ఒప్పుకోలేదు.
కొంగుకు తుడిచి పెట్టిన, ఉమ్మితోని తుడిచి పెట్టిన.
రేషను మిషిను గూడ నన్ను రెండుసార్లు వాపసు పంపింది,
అరిగిన వేలికి ఇదేం కొత్త.

ఆఖరికి అంకెలు కొట్టిన, నాలుగు,
మా వినీల్‌గాడు పుట్టిన ఏడు.
బడి గేటు బొమ్మ. దాని కింద వాడి ఫోటో,
నవ్వొద్దన్నరేమో, నవ్వలేదు.
నా పేరు కొంరవ్వ.
అండ్ల కుమారి అని ఉన్నదట, తర్వాత తెలిసింది.

ఇంగ్లీషుల నాకు వచ్చినయి రెండే అక్షరాలు.
అవి బస్తాలు నేర్పినయి.
నీలం రంగుతోని ఏ అని రాస్తే ఆ లాటు ఓడ ఎక్కుతది,
బీ అని రాస్తే కారం గిర్నీకి పోతది.
ఏదీ రాయనిది తాలు.
దాని ముచ్చట ఎవ్వలు చెయ్యరు.

పైకి జరుపుకుంట పోతుంటే
వేలి కింద ఒక ఏ.
దాని పక్కన ఇంకో ఏ.
ఎర్రగ, నిగనిగ, ఎండిన తేజ కాయ లెక్క.
లెక్కపెట్టిన. ఏడు.

నోరాగలే నాకు.
లచ్చవ్వకు చూపిన, సరోజనకు చూపిన,
తొడిమెలు తీసేటోళ్లందరికి చూపిన.
“నీ కొడుక్కు జెండా పాట పలికిందే!”
సరోజన షెడ్డంత ఇనబడేటట్టు అన్నది.
పొద్దుగాల జెండా పాట ఒక్క కుప్పకే పలుకుతది,
మిగిలిన కుప్పలన్ని ఆ ధర ఇనుకుంటనే
నాలుగు వేలు తక్కువకు కాంట ఎక్కుతయి.
ఈసారి ఆ ఒక్క కుప్ప మాదే అనుకున్న.
చాయ్‌లు చెప్పిన. పదకొండు.

అడ్తి గుమస్తా సదానందం
చాయ్ తాగుకుంట ఫోను అందుకున్నడు,
కండ్లద్దాలు పైకి జరిపిండు.
“అక్కా, గివి మార్కులు గావు.”
మెల్లగనే అన్నడు, పాపం.
“ఏ అంటే ఆబ్సెంటు.
పిల్లగాడు బడికి పోని దినాలు.”

తారీఖులు చదువుమన్న.
పద్నాలుగు, పదిహేను, పదహారు...
ఇగ చాలన్న.

మిగిలినయి నాకే ఎరుక.
ఓదెలు నడుము పట్టుకపోయి మంచం దిగని వారం అది.
ముఠాల పేరు పోతే మళ్ల ఎక్కది,
ఇంట్ల నుంచి ఎవ్వలో ఒకలు నిలవడాలె.
నాలుగున్నరకు పిల్లగాన్ని లేపింది నేనే.
తండ్రి రుమాలు వాడి నెత్తికి చుట్టింది నేనే.
రుమాలు పెద్దగైంది, ఇంకో చుట్టు చుట్టిన.
నలభై కిలోల బస్తా
మొదటిసారి వాడి వీపు మీద పడ్డప్పుడు
వాడు నా దిక్కు చూడలేదు.
గా చూడకపోవుడు
ఏ గడిల రాస్తరో మరి.

అసలు మార్కులు గూడ తీసి చూపిస్తనన్నడు సదానందం.
వద్దన్న. ఫోను గుంజుకున్న.
చాయ్ పైసలు నూటపది.
సరోజన తాలు ఏరుకుంట
పొద్దూకేదాక తల ఎత్తలేదు.

రాత్రి గొర్రెకుంటల
వాడు లెక్కల పుస్తకం మీదనే నిద్రపోయినంక
మళ్ల తెరిచిన.
ఏడుకు ఏడు అట్లనే ఉన్నయి.
కింద ఒక ఖాళీ డబ్బ.
తల్లిదండ్రులు ఏమన్న చెప్పేదుంటే అండ్ల చెప్పాల్నట.
రాసుడు రాదు, ఉత్తగ వేలు పెట్టిన.
సన్నటి గీత ఒకటి లేచి కొట్టుకోవట్టింది,
బరువెత్తినప్పుడు మెడ కాడ నరం కొట్టుకున్నట్టు.
దాన్నే చూసుకుంట కూసున్న.
ఎంతసేపు కూసున్ననో,
ఫోనే నన్ను బయటికి పంపింది.

కండ్లు తుడుసుకోబోయి ఆగిన.
మూడు సబ్బులు రుద్దినా
ఈ చేతుల నుంచి మిర్చి పోదు.

రేపు శనివారం.
యార్డు బందు, బడి ఉన్నది.
ఏడింటి దాక
వాన్ని పండనియ్యాలె.