సెప్పు ఎతుక్కున్నోడు

గంటస్తంభం వెనక హాల్లో రెండో ఆట.
బాల్కనీలో ఎలకలున్నాయని
కింద క్లాసుకే కొన్నాం, నేనూ తవిటయ్యా.
నేను పెద్దాసుపత్రిలో ఇరవయ్యారేళ్ళు డ్రెస్సర్ని.
వాడు కాంప్లెక్స్ దగ్గర ఉడకబెట్టిన సెనక్కాయలమ్ముతాడు.
వాడి కుడిచేతి చిటికెనవేలూ పక్కవేలూ ముడుచుకోవు.
కుట్లు నావే. ఆ రాత్రి దారం చాల్లేదు.
దాని గురించి మేం మాట్లాడుకోం.

హీరో వచ్చీరాగానే పదకొండు మందిని లేపేశాడు.
హాలంతా ఈలలు, కాగితాల వాన.
చొక్కా మాత్రం ఇస్త్రీ మడత చెడలేదు.
మెడ తెగితే నెత్తురు అలా తిన్నగా చిమ్మదు.
కరెంటు పోయొస్తుంటే మోటారు గొట్టంలో నీళ్ళలా
ఓసారి వస్తుంది, ఆగుతుంది, మళ్ళీ వస్తుంది.
తర్వాత నల్లబడి బెల్లప్పాకంలా
చెప్పుల కింద అతుక్కుంటుంది.
వీళ్ళది రోజ్‌మిల్కు.

తవిటయ్య కాయలొలుస్తూ మార్కులేస్తున్నాడు.
"కత్తి అలగ పట్టుకుంటే నీ ఏళ్ళే తెగుతాయిరా గుంటడా.
సంపడానికెల్లినోడు అంతసేపు మాటాడ్డు బావూ,
నోరెండిపోద్ది. నాలిక అంగిట్లో అతుక్కుపోద్ది.
ఉచ్చొస్తాది.
ఉచ్చొచ్చినట్టు ఒక్కడూ సెయ్యడేటి?"

ముందు వరస కుర్రాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

విలన్ కళ్ళెర్రజేస్తే నాకు కండ్లకలక అనిపించింది,
చుక్కలమందు రాయబుద్ధయింది.
తల్లి పావుగంట ఏడ్చినా కాటుక చెదరలేదు.
ఎస్సై మాత్రం కేసు ఫైలు మీద టీ గ్లాసు పెట్టాడు,
గుండ్రంగా మరక పడింది.
అంతవరకు నిజం.

ఇంటర్వెల్ తర్వాత చేపల రేవులో కొట్లాట.
కెమెరా హీరో వెంటపడి పోతోంది.
తెర మూలన ఓ బక్కపలచటి మనిషి,
రోజుకూలీకొచ్చిన వేషగాడు,
పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. అరవలేదు.
ఎడమకాలి చెప్పు ఊడిపోయింది.
వాడు చావడం పక్కన పెట్టి
తడి నేలంతా తడుముతూ ఆ చెప్పు వెతుక్కున్నాడు.
రెండు క్షణాలుంటుందేమో.
కెమెరా వెళ్ళిపోయింది.

పొట్లం నా ఒళ్ళో పెట్టి తవిటయ్య లేచాడు.
ఎంతకీ రాకపోతే బయటికెళ్ళి చూశాను.
కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు,
కడుక్కున్న మొహమే మళ్ళీ కడుక్కుంటున్నాడు.
"అలగే బావూ. అచ్చం అలగే ఎతుకుతాడు.
సచ్చిపోతన్నానని తెలీదు ఆడికి.
కొత్త సెప్పు పోనాదని తెలుసు."

ఎవడని నేనడగలేదు.
దాసన్నపేట నుంచి రిక్షాలో తెచ్చారు.
ఒక కాలికి కొత్త చెప్పు, ధర చీటీ ఇంకా ఊడలేదు,
ఒక కాలు ఉత్తిది.
దారమంతా ఆ పొట్టకే అయిపోయింది.
తెల్లారగట్ల తవిటయ్య వచ్చాడు,
చేతికి తువ్వాలు చుట్టుకుని, గాజుపెంకు గీసుకుందని.
గాజుపెంకే అని రాశాను.
పై గడిలో, ఎస్సై చెప్పినట్టే,
గుర్తు తెలియని వ్యక్తి అని రాశాను.
నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు.

లోపలికొచ్చేసరికి హీరో గెలుస్తున్నాడు, ఎలాగూ.
జనం లేచారు. తవిటయ్య కుర్చీ వదల్లేదు.
"పేర్లేస్తారు గదా. ఆడి పేరు సదువు బావూ,
నాకు అచ్చరాలు రావు."
పేర్లు పైకి పాకుతున్నాయి:
లైట్లు, గొడుగులు, భోజనాలు, జనరేటరు,
గుర్రాన్ని మేపినవాడి పేరు కూడా.
సగంలో తెర ఆపేశారు.
గేటు అప్పలకొండ చీపురుకట్ట తలుపుకేసి కొట్టాడు,
"అయిపోనాది, ఎల్లండెల్లండి, తాళమెయ్యాల."
తవిటయ్య ఉత్త తెరనే చూస్తున్నాడు.

"వచ్చినాదా?"

రాలేదు.
"వచ్చింది" అన్నాను.
ఆ రాత్రి కుట్లేస్తుంటే, నీళ్ళడిగి, నీళ్ళివ్వకూడదంటే సరేనని,
ఆ మనిషి నాతో చెప్పిన పేరు చెప్పాను.

తవిటయ్య పెదాలు ఆ పేరుని ఒకసారి పలికాయి.
వంగని రెండు వేళ్ళతో ఒళ్ళో పొట్టు దులుపుకున్నాడు.
"బాగా సేసినాడు" అన్నాడు.