కొత్త జోడు

బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకి
ఈ ఊళ్ళో హత్యలన్నీ నేనే చేసేవాణ్ణి.
ఎముక విరగాలంటే కాళేశ్వరరావు మార్కెట్ ములక్కాడ,
శవం పడాలంటే తవుడు బస్తా,
వాన కురవాలంటే చేటలో శనగలు.
బ్యారేజీ కింద తవ్వి తెచ్చిన ఇసుక ఒక ట్రేలో,
తలుపొకటి, గోడ లేకుండా, మూడు తాళాలతో.
పేరు నాంచారయ్య. పున్నమ్మతోట స్టూడియోలో
అందరూ పిలిచేది మాత్రం "చప్పుళ్ళూ" అని.

ఇరవై మూడేళ్ళు ఇద్దర్ని నడిపించాను.
ఇన్‌స్పెక్టరు జలంధర్‌వి లాడాలు కొట్టిన బూట్లు.
రైటరు మస్తాన్‌వలివి కిర్రుచెప్పులు,
వన్‌టౌన్‌లో కుట్టించినవి, తడి తగలనిచ్చేవాణ్ణి కాదు.
స్టూలు మీద కూర్చుని
కాళ్ళకి ఆయన్నీ చేతులకి ఈయన్నీ తొడుక్కుని
నడుం వంచి, నాలుక్కాళ్ళ జంతువునై
ఏలూరు కాలవ గట్టంతా దొంగల వెంట పడ్డాను.
మైకు ముందు గొంతులిచ్చేవాళ్ళు వేరే:
వీరరాఘవులు గారికి మోకాళ్ళ నెప్పులు,
పీరా సాహెబుకి బట్టలకొట్లో పద్దులు.
వాళ్ళెవరూ నడిచేవాళ్ళు కాదు. నడక నాది.

టీ డబ్బులు ఎవరివ్వాలన్న తగువొక్కటి
ఇద్దరి మధ్యా చివరిదాకా తెగలేదు.
కేసులన్నీ తెగాయి.

మార్చిలో కాయితం వచ్చింది:
జోడు మార్చాలి.
నేను చెప్పులనుకున్నాను.
"కాదయ్యా, మనుషుల్ని" అన్నారు డ్యూటీ ఆఫీసరు.

ఎలా పంపాలన్నదానికి రెండు మీటింగులు, కిలో పకోడీ.
తుపాకీ అన్నారొకరు. గుండెపోటు అన్నారింకొకరు.
చివరికి సర్కారు ఎప్పుడూ చేసేదే చేశారు.
ఇన్‌స్పెక్టరుకి పాడేరు బదిలీ,
రైటరుకి పూలదండ, పింఛను.

తెనాలి నుంచి కార్డు, వంకాయరంగు సిరాతో:
"చంపితే చంపండి, ఏడ్చి ఊరుకుంటాం.
బదిలీ ఏమిటి? బతికుండీ రానివాళ్ళని
మేమేం చేసుకోవాలి?
ఇట్లు, గుత్తికొండ మాణిక్యాంబ, గంగానమ్మపేట."

ఆఖరి బుధవారం
ఇద్దరూ స్టేషను మెట్లు దిగాలి.
స్క్రిప్టులో ఉన్నవి ఏడు మెట్లు.
నేను పదకొండు దింపాను.
అద్దం అవతల ప్రొడ్యూసరు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.
ముందు కిర్రు ఆగింది.
బూటు ఇంకొక్క అడుగు వేసి,
వెనక్కి తిరిగింది.
అది ఎవరూ రాయలేదు.

కొత్తవాళ్ళొచ్చారు.
ఇన్‌స్పెక్టరు అవనిజ, ఆమె కింద కానిస్టేబులు రత్నకుమార్.
అవనిజకి గొంతిచ్చేది కెజియా, స్టెల్లా కాలేజీ పిల్ల.
వచ్చిన రోజే నా గదిలోకి తొంగిచూసి
"మా మేడమ్ వేసేది రబ్బరు బూట్లండీ,
అడుగు వినపడదు" అంది.
"దొంగకి వినపడేలా ఎవరైనా నడుస్తారా?"

ఇరవై మూడేళ్ళు!
లాడాలు టకటకలాడించుకుంటూ వెళ్ళాను,
ఒక్క దొంగా ముందే విని పారిపోలేదు.
అక్కడ నవ్వలేదు.
రాత్రి కాలవ వంతెన మీద సైకిలు తోసుకుంటూ
నవ్వాను, గట్టిగానే.

వినపడని అడుగుని ఎలా వినిపించడం?
దూదితో చూశాను. తడిగుడ్డతో చూశాను.
సైకిలు ట్యూబు కోసి అరచేతులకి కట్టుకున్నాను.
బల్లి పాకినట్టుంది.

శనివారం ఆ పిల్లే వచ్చింది.
అడక్కుండా చెప్పులు విడిచి
జలంధర్ బూట్లలో కాళ్ళు పెట్టింది. వదులు.
మడమల వెనక పాత పేపరు కుక్కి
ఇసుకలో నాలుగడుగులు వేసింది.
పాదం ముందు, బూటు దాని వెనకాల,
ఒక్కో అడుగుకి రెండేసి చప్పుళ్ళు.
టేపు తిరుగుతోందని
నేను చెప్పలేదు.

మొదటి భాగం వెళ్ళిన అయిదో రోజు
కార్డు వచ్చింది, అదే సిరా:
"కొత్తమ్మాయి నడక ఏం బాలేదు.
బూట్లు కాళ్ళకి పెద్దవేమో చూడండి.
వచ్చే బుధవారం ఇంకోసారి విని చెబుతాను."