ఒక కాపీ రూపాయి

పాత బస్టాండు వెనక సందులో నా జిరాక్సు అంగడి.
ఆధార్లు, పాసుపుస్తకాలు, కులం సర్టిఫికెట్లు.
కర్నూలు బతుకంతా ముందూ వెనకా
ఈ అద్దం మీద బోర్లా పడుకుని లేస్తాది.

మంగళవారం మంగళవారం తాహెరా టీచరు వస్తాది
ఒక పటం పట్టుకొని.
ఒకే నేల, నాలుగు బొమ్మలు.
మొదటి దాంట్లో పచ్చ నిండుగా,
నాలుగో దాంట్లో
ఎండిన కుంటలో మిగిలిన తడి మచ్చల మాదిరి.
"మూడు నూర్లు తీయప్పా" అంటాది.

నా మిషనుకు తెలిసిన పచ్చ ఒక్క బటనే.
పచ్చా పసుపూ లోపలికి పోయి
రెండూ ఒకే బూడిదై వస్తాయి.
"పోయిందేదో ఉన్నదేదో కనపడదు గదమ్మా" అంటే
పోయిన చోటల్లా పెన్సిలుతో గీతలు గీసి
మళ్లీ అద్దం మీద పెట్టె.

వాళ్ల సంఘంలో ఆరుగురు.
తాహెరా, ఎల్లైసీ మద్దిలేటి, నర్సు ఎస్తేరమ్మ,
లా చదివే జిలానీ.
ఇంకిద్దరు పేర్లు రాసుకోవద్దన్నారు.
రిజిస్ట్రేషన్ కాగితం ఉంది, రశీదు బుక్కుంది,
ఆఫీసు మటుకు నా అంగట్లో స్టూలే.
పాలస్తీనా మనిషికీ అందరితో సమానంగా హక్కుండాలని
కాలేజీల్లో, కల్లాల్లో, రైతుబజారు గేటు కాడ చెప్తారు.
"హంద్రీ దాటని మనకెందుకు సామీ ఆ గొడవ?" అనె ఒకాయన.
ఇంకొకాయన: "నువ్వు ఎవరి పక్క?"
మద్దిలేటి ఉల్లిగడ్డల కాటా చూపించె:
"ముల్లు పక్క."

నవ్వుతారు. కాగితం తీసుకునే పోతారు.
దాంట్లో బజ్జీలు చుట్టిందీ చూసినా.

పోయిన ఎండాకాలం ఆత్మకూరు దారిలో
మునక ఊర్లోళ్ల కాలనీకి ఆటో కట్టిరి.
షేరింగుకు మనిషి తక్కువైతే నేనూ ఎక్కినా.
బడి వరండాలో సాపలు.
పద్నాలుగు మంది, రెండు మేకలు.
ఒకే నేల మీద ఒకరి బండి ఆగకుండా పోతాదని,
ఇంకొకరి కాన్పు నొప్పులు చెక్‌పోస్టు కాడ నిలబడతాయని,
ఒకే తప్పుకు ఒకరికి మామూలు కోర్టు,
ఇంకొకరికి మిలిటరీ కోర్టు అని
తాహెరా చెప్తాంది.

సుంకులమ్మవ్వ పటం అందుకొని
వక్కాకు నమిలే నోరు ఆపి
ఎర్రటి వేలు దాని మీద పెట్టె.
"మా చింతమడుగు ఇందులో యాడుందమ్మా?"

ఎవరూ మాట్లాడలా.
డ్యాము నీళ్లు తగ్గిన ఏడు
చేపలోళ్ల పుట్టిలో పోయి
పొయ్యి కూచున్న చోటు చూసొస్తాదంట.

తాహెరా అబద్ధం చెప్పలా.
"ఇది మీ ఊరు కాదవ్వా.
మీది నీళ్ల కింద ఉంది.
వీళ్లలో శానామందిది కండ్ల ముందరే ఉంది, పోనియ్యరు."
అవ్వ మళ్లీ రెండుసార్లు నమిలె.
"నాకు ఓటుండాది.
తిట్టేదానికి ఒక ఎమ్మెల్లే ఉండాడు.
వీళ్లకు?"
జిలానీ నేల చూసుకుంటా చెప్పె:
"వీళ్ల మీద తుపాకి పట్టినోణ్ణి
వీళ్లు ఎన్నుకోలేరవ్వా."
"అట్లయితే మాకంటే అన్యాయం" అని
కాగితం మడిచి రొంటిన దోపుకోబోయి
తిరిగిచ్చేసె.
"నాకు సదువు రాదు. వచ్చినోళ్లకు ఇయ్యి."

ఈ మంగళవారం తాహెరా తెచ్చింది ఆ కాగితమే.
మంచి పటం ఆటోలోనే పోయిందంట.
బోర్లా వేసి బటన్ నొక్కితే
మొదటి కాపీ వేడిగా వచ్చె.
నాలుగో బొమ్మలో, పెన్సిలు గీతల నడుమ
వేలి మరక. ఎర్రంది నల్లగా.
వంకర తిరిగిన సన్నటి దారులు,
ఊరికి ఉండేటివే.

"వైట్‌నర్ ఉంది, తుడిచేద్దునా?"
ఆయమ్మ వెలుతురు కాడికి పోయి చూసొచ్చె.
"ఉండనీ."

మూడు నూర్లు తీసినా.
పాత బాకీ నలభై, కింద కొత్తది రాసుకున్నా.
ఇంతలో ఎవరో చెయ్యి చాపె:
"అన్నా, ఆధార్. ముందూ వెనకా."
వేడి తగ్గని అద్దం మీద
ఇంకో మొగం బోర్లా పెట్టినా.